జిప్పు కనిపించినా భయమే

పోయిన నెల ఒక పాఠకుడికి జవాబిస్తూ, పాత అమెరికన్ చవక సినిమాల్లో ‘ద బ్లాబ్’ అంటే నాకు ఇష్టమని మాటవరసకి ఒక్క వాక్యం రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదు. కొందరు తిట్టారు, కొందరు ఇంకా చెప్పమన్నారు. ఇద్దరైతే ముప్ఫై ఏళ్లు ఎడిటర్‌గా పనిచేసిన మనిషికి చివరికి ఇదా టేస్టు అని జాలిపడ్డారు. సరే, ఈ నెల అన్నీ ఆ సినిమాల ఉత్తరాలే. మిగతా ప్రశ్నలు పంపినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి.

ప్రశ్న: మేడమ్, మీ మాట నమ్మి ‘ద బ్లాబ్’ చూశాను. ఎర్ర జెల్లీ ముద్ద ఒకటి పాక్కుంటూ వచ్చి మనుషుల్ని మింగేస్తుంటే ఊరంతా పరుగులు. మా ఇంట్లో అందరూ నన్ను చూసి నవ్వారు. మీరు సీరియస్‌గానే రాశారా?

జవాబు: సీరియస్‌గానే రాశాను. నవ్వినవాళ్ల మీద నాకు కోపమేమీ లేదు, మొదటిసారి నేనూ నవ్వాను.

ముందు ఆ ముద్ద సంగతి. అది సిలికోన్. అందులో ఎర్ర రంగు కలిపారు. మనుషుల్ని తినేకొద్దీ ఆ రంగు చిక్కబడుతూ పోతుంది, గమనించారో లేదో. సినిమా వచ్చింది 1958లో. అయిన ఖర్చు సుమారు 1,10,000 డాలర్లు. హాలీవుడ్ లెక్కల్లో అది చిల్లర. అసలు తీసింది హాలీవుడ్ వాళ్లే కాదు, పెన్సిల్వేనియాలో మతపరమైన చిన్న చిన్న చిత్రాలు తీసుకుంటూ ఉండిన ఒక బృందం. స్టీవ్ మెక్వీన్‌కి హీరోగా అదే మొదటి సినిమా. లాభాల్లో వాటా ఇస్తామంటే ఇదేం ఆడుతుందిలే అనుకుని, చేతికొచ్చే డబ్బే నయమని పుచ్చుకున్నాడు. సినిమా బాగా ఆడింది.

నన్ను పట్టుకున్నది థియేటర్ సీను. ప్రొజెక్టర్ గదికీ హాలుకీ మధ్య గోడలో చిన్న చిన్న కిటికీలుంటాయి కదా, వాటిలోంచే బొమ్మ తెర మీద పడేది. నా జీవితమంతా ఆ కిటికీల్లోంచి వెలుగు రావడమే చూశాను. ఈ సినిమాలో ప్రొజెక్టర్ నడిపే మనిషిని మింగేశాక, ఆ కిటికీల్లోంచి ముద్ద కారుతుంది. కింద కూర్చున్న జనం ఇంకా తెరనే చూస్తుంటారు. ఆ షాట్ ఒక చిన్న నమూనా మీద తీసిందని నాకు తెలుసు, ఎలా తీసి ఉంటారో కూడా చెప్పగలను. అయినా ఇప్పటికీ ప్రివ్యూ హాల్లో వెనక సీట్లో కూర్చోను.

ఆ ముద్దకి కళ్లు లేవు, నోరు లేదు, మన మీద పగ లేదు. బతిమాలుకుంటే వినడానికి చెవులూ లేవు. ఇంకో సంగతి ఏమిటంటే, సినిమాలో సగం సేపు ముద్ద కనపడనే కనపడదు. కుర్రాళ్లు పోలీసుల దగ్గరికీ పెద్దవాళ్ల దగ్గరికీ తిరిగి ఫలానాది చూశామని చెప్తుంటారు, ఎవరూ నమ్మరు. ట్రిక్ షాట్లకి డబ్బు చాలక ఆ సగాన్ని మాటలతో నింపారు. నిజం చెప్పి నమ్మించలేకపోవడం ఎలా ఉంటుందో పదహారేళ్ల వయసు దాటినవాళ్లందరికీ తెలుసు. నాకైతే జెల్లీ కన్నా అదే ఎక్కువ గుబులు.

ఆ థియేటర్ ఫీనిక్స్‌విల్ అనే ఊళ్లో ఉంది, పేరు కలోనియల్ థియేటర్. ఏటా వేసవిలో అభిమానులు అక్కడ చేరి, సినిమాలోలాగే కేకలు పెడుతూ బయటికి పరుగెత్తుతారు. నవ్వుకుంటూనే పరుగెత్తుతారనుకోండి.

ప్రశ్న: 1950లలోనే ఇలాంటివి ఇన్నెందుకు వచ్చాయి? అమెరికాలో అందరికీ ఒక్కసారిగా రాక్షసుల పిచ్చి పట్టిందా?

జవాబు: విమర్శకుల్ని అడిగితే అణుబాంబు అంటారు. అబద్ధం కాదు. 1949లో రష్యా కూడా బాంబు పేల్చింది. 1954 మార్చిలో బికినీ దీవుల దగ్గర అమెరికా చేసిన పరీక్ష బూడిద ఎంతో దూరంలో ఉన్న జపాన్ చేపల పడవ మీద పడింది. 1957లో రష్యా ఉపగ్రహం స్పుత్నిక్ తల మీదుగా బీప్ బీప్‌మంటూ తిరిగింది. కంటికి కనపడని రేడియేషన్ వల్ల చీమలు, సాలీళ్లు, మిడతలు, చివరికి మనుషులు ఇంతలేసి పెరిగిపోయారంటే ఎందుకని అడిగే ప్రేక్షకుడు లేడు.

నిర్మాతల పక్కన కూర్చుని పనిచేసినదాన్ని కాబట్టి నాకు ముందు తోచేది లెక్కల పుస్తకం. 1948లో అమెరికా సుప్రీంకోర్టు పెద్ద స్టూడియోల చేతుల్లోంచి థియేటర్లని విడగొట్టింది. మరోవైపు టీవీ వచ్చి పెద్దవాళ్లని ఇళ్లలో కూర్చోబెట్టింది. స్టూడియోలు చిన్న సినిమాలు తగ్గించేశాయి. హాళ్లవాళ్లకేమో వారం వారం ఏదో ఒకటి వెయ్యాలి. దానికి తోడు కార్లలో కూర్చుని చూసే డ్రైవ్-ఇన్‌లు. మొదటిది 1933లో న్యూజెర్సీలో పెట్టారు, 1950ల చివరికి దేశం మొత్తం మీద 4,000 దాటాయి. కార్లలో ఉన్నది కుర్రకారు. వాళ్లకి కావలసింది చీకటి, పక్కన ఒక మనిషి, ఆ మనిషి దగ్గరికి జరగడానికి ఒక వంక. తెర మీద రాక్షసుడి కన్నా మంచి వంక ఏముంటుంది?

ఈ సంగతి అందరికన్నా ముందు కనిపెట్టినవాళ్లు జేమ్స్ నికల్సన్, శామ్యూల్ ఆర్కాఫ్. 1954లో వాళ్లు మొదలుపెట్టిన కంపెనీయే తర్వాత అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్ అయింది. ముందు పేరు అనుకునేవారు, తర్వాత పోస్టర్ గీయించేవారు. హాళ్లవాళ్లకి అది నచ్చితేనే కథ రాయించేవారు. పోస్టర్ మీద నగరాన్ని నలిపేస్తున్న రాక్షసుడు సినిమాలో గుమ్మం పట్టేంత ఎత్తు కూడా ఉండేవాడు కాదు. మోసమే. ఐతే ఆ మోసం వల్ల ఒక మేలు జరిగింది. పోస్టర్‌లో చెప్పింది తెర మీద చూపించలేక, ఏదో ఒకటి చేసి మనం ఊహించుకునేలా చేయాల్సి వచ్చింది.

ప్రశ్న: మేడమ్, నేను ఫిల్మ్ స్టూడెంట్‌ని. షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాను, అందులో గ్రహాంతర జీవి వస్తుంది. మాస్క్ చేయించాం, చాలా బాగా కుదిరింది. ఎంతసేపు చూపించమంటారు?

జవాబు: 30 ఫ్రేములు. అంటే సెకను మీద ఓ పిసరు. బాగా కుదిరిందని మీరే అంటున్నారు కాబట్టి ఇంకో 6 ఫ్రేములు కలుపుకోండి.

నేను కట్ చేసిన ఒక సినిమాలో కిటికీలోంచి రబ్బరు చెయ్యి ఒకటి లోపలికి వస్తుంది. సినిమా పేరు చెప్పను, ఆ డైరెక్టర్‌కి ఇప్పటికీ నా మీద కోపమే. ఆ చెయ్యి చేసినవాళ్లు నెల రోజులు కష్టపడ్డారు, గోళ్ల కింద మట్టి కూడా పెట్టారు. అంత కష్టం కనపడకపోతే ఎలా అని డైరెక్టర్ 4 సెకన్లు ఉంచమన్నాడు. 96 ఫ్రేములు. ప్రివ్యూలో మొదటి సెకను హాలంతా బిగుసుకుపోయింది. రెండో సెకనులో ఎవరో దగ్గారు. మూడో సెకనులో నవ్వులు. ఆ రాత్రి మూవియోలా అనే ఎడిటింగ్ యంత్రం ముందు కూర్చుని 22 ఫ్రేములు ఉంచి మిగతాది కోసేశాను. మిగిలిన చోట ఆ గదిలో ఉన్న అమ్మాయి మొహం కావాలి. తీసిన షాట్లన్నిటిలో ఆ పిల్ల తెగ నటించేసింది. చివరికి డైరెక్టర్ ‘కట్’ అన్నాక కెమెరా ఆగేలోపు పడిన ముక్క ఒకటి దొరికింది. అందులో ఆమె ఏమీ చేయడం లేదు, మేకప్ మనిషి ఎక్కడా అని పక్కకి చూస్తోందంతే. అది అతికించాను. తర్వాతి షోలో వెనక వరసలో ఎవరో కెవ్వుమన్నారు. చెయ్యి అదే, గోళ్ల కింద మట్టి మాత్రం ఎవరికీ కనపడలేదు.

ఇది నా గొప్ప కాదు, ఆ పాత సినిమాలవాళ్లు దెబ్బలు తిని నేర్చుకున్నదే. రోజర్ కార్మన్ 1956లో శుక్రగ్రహం నుంచి వచ్చే జీవి కథ తీశాడు. అక్కడ గురుత్వాకర్షణ ఎక్కువన్న లెక్కతో దాన్ని పొట్టిగా, నేలకి కరుచుకుని ఉండేలా చేయించారు. కార్మన్ చదువుకున్నది ఇంజనీరింగ్ మరి! తీరా సెట్ మీద దాని ముందు నిలబడ్డ హీరోయిన్ బెవర్లీ గార్లాండ్ నవ్వేసింది. హీరోయిన్ కన్నా రాక్షసుడు పొడుగుండాలన్న పాఠం అప్పుడే నేర్చుకున్నానని, వెంటనే దాని ఎత్తు పెంచించానని కార్మన్ చెప్పుకునేవాడు.

‘ఇట్! ద టెర్రర్ ఫ్రమ్ బియాండ్ స్పేస్’ (1958) లో ఇంకా తమాషా. రాక్షసుడి వేషం వేసిన రే కొరిగన్ ముందుగా తల కొలతలు ఇవ్వడానికి రాలేదు. మాస్క్ బిగుతైపోయి, దాని నోట్లోంచి ఈయన గడ్డం బయటికి పొడుచుకొచ్చింది. ఇక చేసేదేముంది? ఆ గడ్డానికే రంగు పూసి నాలుకలా కనపడేట్టు చేశారు. అయినా ఆ సినిమా మొదటి సగం చూడండి. అంగారకుడి నుంచి తిరిగి వస్తున్న రాకెట్‌లో అది ఎక్కడో కింది అంతస్తులో ఉంటుంది. మనకి నీడ, అడుగుల చప్పుడు, ఇనప తలుపు వంగడం, ఇంతే. మనుషులు ఒక్కో అంతస్తు వదిలేసుకుంటూ పైకి వెళ్లిపోతుంటారు. ఇంకెక్కడానికి అంతస్తు లేనప్పుడు ఏం చేస్తారన్నదే టెన్షన్. గడ్డం సంగతి ఎవరికి గుర్తుంటుంది?

‘ద కిల్లర్ ష్రూస్’ (1959) లో భయంకరమైన చుంచులంటే అసలు కుక్కలే, వాటికి బొచ్చు కప్పారు. అవి పరుగెత్తినప్పుడల్లా తోక ఊపుతాయేమో అనిపిస్తుంది. రాత్రి మట్టిగోడ అవతల గీరుతున్నప్పుడు మాత్రం అవి కుక్కలని నాకు గుర్తు రాదు.

కాబట్టి బాబూ, మాస్క్ పక్కన పెట్టి, దాన్ని చూసి భయపడే మనిషిని వెతుక్కో. ఆ మనిషికి ఏం కనిపిస్తోందో పూర్తిగా చెప్పకు కూడా.

ప్రశ్న: మేము స్నేహితులం నెలకోసారి కలిసి ప్రపంచంలోకెల్లా చెత్త సినిమా ఏదని వెతికి మరీ చూసి పడీపడీ నవ్వుతాం. మీలాంటివాళ్లకి అది తప్పుగా కనిపిస్తుందా?

జవాబు: తప్పెందుకు, కానివ్వండి. ‘రోబోట్ మాన్‌స్టర్’ (1953) చూసి నవ్వకుండా ఉండటం నా వల్ల కూడా కాదు. రోబో వేషం కుట్టించడానికి డబ్బు లేక, సొంత గొరిల్లా సూట్ ఉన్న జార్జ్ బారోస్ అనే నటుణ్ని పిలిచి, తల మీద డైవింగ్ హెల్మెట్ లాంటిది పెట్టేశారు. గుహలో ఒక బల్ల, దాని మీద ఒక యంత్రం, దాంట్లోంచి సబ్బు బుడగలు. భూగోళాన్ని నాశనం చేసే సామగ్రి అంతే. నాలుగు రోజుల్లో తీశారు. బుడగల యంత్రానికి టైటిల్స్‌లో కృతజ్ఞతలు కూడా చెప్పారు.

నవ్వేశాక రెండోసారి కళ్లు మూసుకుని వినండి. రీరికార్డింగ్ చేసింది ఎల్మర్ బెర్న్‌స్టైన్. మూడేళ్లలో ‘ద టెన్ కమాండ్‌మెంట్స్’కి, 1960లో ‘ద మాగ్నిఫిసెంట్ సెవెన్’కి సంగీతం ఇచ్చిన మనిషే. వామపక్షవాదులంటే హాలీవుడ్ తలుపులు మూసేస్తున్న రోజులవి. ఆయన మీద కూడా అనుమానం పడి పెద్ద అవకాశాలు రాకపోతే ఇలాంటివి చేశాడు. గొరిల్లా కొండ ఎక్కుతుంటే ఆయన మాత్రం ఒక మహా విషాదానికి వాయించినట్టు వాయించాడు. ఎవరు చూస్తారులే అనుకుని చేసిన పనిలా అనిపించదు.

‘ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్’ కూడా మీ జాబితాలో ఉండే ఉంటుంది. 1980లో దానికి అన్ని కాలాల్లోకీ చెత్త సినిమా అని బిరుదు ఇచ్చారు. 1931లో డ్రాకులాగా జనాన్ని వణికించిన బేలా లుగోసీ 1956లో చనిపోయాడు. అంతకు ముందు వేరే సినిమా కోసమని దర్శకుడు ఎడ్ వుడ్ తీసి పెట్టుకున్న కాసిని షాట్లే ఇందులో ఉన్నాయి. మిగతా సీన్లలో తన భార్యకి వైద్యం చేసే ఒకాయన్ని నిలబెట్టి, మొహానికి నల్ల కేప్ అడ్డం పెట్టించాడు. ఆయన లుగోసీ కన్నా బాగా పొడుగు. అక్కడ నవ్వండి. ఒక షాట్‌లో మాత్రం అసలు లుగోసీ ఇంటి బయటికొచ్చి ఒక పువ్వు కోసి వాసన చూస్తాడు. ముసలివాడు, బాగా నీరసంగా ఉంటాడు. మాటలేమీ లేవు. మీ గుంపులో ఎవరైనా ఆ షాట్ దగ్గర నవ్వడం ఆపితే వాళ్లతో స్నేహం గట్టిగా చేసుకోండి.

నాకు నచ్చనిది ఒక్కటే, చూడకముందే నవ్వడానికి సిద్ధమై కూర్చోవడం. అలా కూర్చుంటే మంచి సినిమా వచ్చినా మీకు కనపడదు.

ప్రశ్న: రెండు రోజుల్లో సినిమా తీశారంటే నిజమా, గొప్పలా?

జవాబు: నిజమే. కార్మన్ తీసిన ‘ద లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్’ (1960). వేరే సినిమాకి వేసిన సెట్ ఇంకా పీకెయ్యలేదని తెలిసి, ముందు రిహార్సల్స్ చేయించి, లోపలి సీన్లన్నీ రెండు రోజుల్లో చుట్టేశాడు. వీధి సీన్లు విడిగా తీశారు. రక్తం తాగే మొక్క కథ. నొప్పి అంటే సరదాపడే పళ్ల రోగిగా కుర్ర జాక్ నికల్సన్ ఉంటాడు. ఎడిటింగ్ ఎన్ని రోజులు పట్టిందో ఎవరూ అడగరు చూశారా!

ప్రశ్న: గ్రహాంతరవాసుల దుస్తుల వెనక జిప్పు కనపడే సినిమా ఒకటుందట. ఏది?

జవాబు: ‘ఇన్వేడర్స్ ఫ్రమ్ మార్స్’, 1953. ఆకుపచ్చ దుస్తుల వెనక జిప్పు, వెతికితే కనపడుతుంది. తీసిన విలియం కామెరాన్ మెంజీస్ సెట్ల రూపకల్పనలో దిట్ట. ఇందులో పోలీస్ స్టేషన్ చూడండి. గోడలు ఖాళీగా, పొడుగ్గా, బల్ల అందనంత ఎత్తులో. డబ్బు మిగిలింది, పైగా చిన్న పిల్లాడి కంటికి ఆ గది ఎలా ఉంటుందో అలాగే ఉంది. ఆ పిల్లాడి నాన్న రాత్రి ఇంటి వెనకకి వెళ్లి తెల్లారి తిరిగొస్తాడు. మనిషి అదే, కళ్లలో ఏమీ లేదు. మెడ వెనక చిన్న గుర్తు. ఏమైందని అడిగిన కొడుకుని చాచి కొడతాడు. నేను జిప్పు చూసింది రెండోసారి చూసినప్పుడు. ఆ నాన్న మొహం మొదటిసారే చూసేశాను కదా, ఇంక జిప్పు ఏం చేస్తుంది?

ప్రశ్న: మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. వాడితో కలిసి ఈ సినిమాలు చూడొచ్చా? ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’ ఊరికే దొరుకుతోంది, దానితో మొదలుపెడదామనుకుంటున్నాను.

జవాబు: ఆగండాగండి. దానితో వద్దు. పెద్ద చీమలు, పెద్ద సాలీళ్లు, నీళ్లలోంచి వచ్చే మొప్పల మనిషి, వీటిలో ఏదైనా చూపించండి. ఇది మాత్రం వాడికి పద్దెనిమిది దాటాక.

మీరు చేయబోయిన పొరపాటే 1968లో అమెరికాలో ఎంతోమంది తల్లిదండ్రులు చేశారు. సినిమా అక్టోబర్‌లో విడుదలైంది. ఏది ఏ వయసు వాళ్లకో చెప్పే రేటింగ్ పద్ధతి అమల్లోకి వచ్చింది నవంబర్‌లో. మామూలు రాక్షసుల బొమ్మే అనుకుని పిల్లల్ని పగటి ఆటకి పంపారు. రోజర్ ఈబర్ట్ అనే విమర్శకుడు ఆ హాల్లో కూర్చుని, సినిమాని పక్కన పెట్టి పిల్లల గురించే రాశాడు. మొదట కేరింతలు కొట్టిన పిల్లలు చివరికొచ్చేసరికి నోటమాట లేక ఏడుస్తున్నారట.

జార్జ్ రొమేరో, ఆయన మిత్రులు పిట్స్‌బర్గ్‌లో ప్రకటనలు తీసుకునేవాళ్లు. ఈ సినిమాకి పెట్టింది సుమారు 1,14,000 డాలర్లు. రక్తం అంటే చాక్లెట్ సిరప్, నలుపు తెలుపులో తేడా తెలియదు. శవాలు ఎందుకు లేస్తున్నాయో చూపించడానికి డబ్బు లేక టీవీలో వార్తలు చదివించారు. శుక్రగ్రహం నుంచి వస్తున్న ఉపగ్రహం తెచ్చిన రేడియేషన్ కావచ్చని అందులో ఎవరో అంటారు, ఇంకెవరో ఒప్పుకోరు. నిజం వార్తల్లో కూడా ఇలాగే ఉంటుంది కాబట్టే ఒళ్లు జలదరిస్తుంది. ముఖ్య పాత్ర వేసిన డువేన్ జోన్స్ నల్లజాతి నటుడు. ఆ రోజుల్లో అలాంటి కథలో ఆ వేషం ఆయనకివ్వడమే అరుదు. చివర్లో ఆయనకి ఏమవుతుందో ఇక్కడ రాయను.

ఊరికే ఎందుకు దొరుకుతోందంటే, విడుదలకి ముందు పంపిణీదారులు పేరు మార్చారు. కొత్త టైటిల్ కార్డు వేసేటప్పుడు పాతదాని మీద ఉన్న కాపీరైట్ గుర్తు వెయ్యడం మరిచిపోయారు. అప్పటి చట్టం ప్రకారం దాంతో హక్కులు పోయాయి. ఎవరికి తోచినట్టు వాళ్లు వేసుకున్నారు, టీవీల్లో, క్యాసెట్లలో, అన్నిచోట్లా. తీసినవాళ్లకి రావలసిన డబ్బు రాలేదు. ఒక్క ఫ్రేము ముక్క పారేసినందుకు నేను పడ్డ తిట్లు గుర్తొచ్చి, ఆ టైటిల్ కార్డు అతికించిన మనిషి సంగతే ఆలోచిస్తూ ఉంటాను.

ప్రశ్న: ఇప్పుడు గ్రాఫిక్స్‌తో ఏదైనా చేయొచ్చు. ఇంకా ఆ రబ్బరు బొమ్మల మీద మోజేమిటండీ? ముసలితనం కాకపోతే?

జవాబు: ముసలితనం కొంత ఉంది, ఒప్పుకుంటాను. మిగతాది చెప్తాను.

మారియో బావా అనే ఇటలీ దర్శకుడు 1965లో ‘ప్లానెట్ ఆఫ్ ద వాంపైర్స్’ తీశాడు. ఒక గ్రహమంతా చూపించాలి. ఆయన దగ్గర ఉన్నవి రెండు ప్లాస్టిక్ బండలు, అవి కూడా ఏదో పౌరాణికం సెట్‌లో మిగిలినవి. అద్దాలు పెట్టి ఆ రెండింటినే కొండల వరస చేశాడు. మిగతా ఖాళీని పొగతో, రంగు దీపాలతో నింపాడు. ఆ పొగ ఎందుకంటే అవతల ఏమీ లేదు కాబట్టి. చూసేవాడికి మాత్రం అవతల ఏదో ఉందనిపిస్తుంది. గ్రాఫిక్స్‌లో పొగ అవతల నిజంగానే నగరం కట్టి పెడతారు, నేను చూస్తాను, బాగుందంటాను, నాకిక అక్కడ పనేమీ ఉండదు. బావా దగ్గర సగం గ్రహాన్ని నేనే కట్టుకోవాలి. కట్టుకున్నాక అది నాది కూడా కదా!

ఇంకోటి, రెండో అవకాశం దొరికిన కథ. 1974లో వచ్చిన ‘డార్క్ స్టార్’ విద్యార్థులుగా ఉన్నప్పుడు జాన్ కార్పెంటర్, డాన్ ఓబానన్ మొదలుపెట్టిన సినిమా. అందులో అంతరిక్ష ఓడ లోపల తిరిగే గ్రహాంతర జీవి అంటే సముద్రం ఒడ్డున ఆడుకునే గాలి బంతి. కాళ్లు తగిలించారు, చుక్కలు వేశారు. ఓబానన్ దాని వెంట పరుగెత్తుతాడు. ఎవరికీ భయం వెయ్యదు, దాన్ని కామెడీగానే సర్దుకున్నారు. ఓబానన్ మాత్రం వదల్లేదు. ఓడలో జొరబడ్డ జీవి కథనే ఈసారి భయం పుట్టేలా రాస్తానని కూర్చుని, 1979లో వచ్చిన ‘ఏలియన్’ కథ అందించాడు. అంత గొప్ప సినిమా చూస్తున్నప్పుడు కూడా ఇనప గొట్టాల మధ్య చీకట్లో నాకు ఆ గాలి బంతి ఒక్క క్షణం కనపడుతుంది. మీకు నవ్వొస్తే నవ్వండి, నాకు మాత్రం ఆ బంతి అంటే గౌరవం.

అలాగని పాతవన్నీ బంగారం అనను. 1957లో మిడతలు షికాగో మీద పడే సినిమా ఒకటుంది. నిజం మిడతల్ని భవనాల ఫొటోల మీద పాకించారు. ఒక మిడత భవనం అంచు దాటి నేరుగా ఆకాశం మీద అడుగేస్తుంది. ఎడిటర్ ఆ రోజు సెలవులో ఉన్నాడేమో.

ప్రశ్న: ఒక్కటే చూస్తాను, ఏదో చెప్పండి. నచ్చకపోతే మళ్లీ మీ జోలికి రాను.

జవాబు: ‘ఇన్వేజన్ ఆఫ్ ద బాడీ స్నాచర్స్’, 1956ది. డాన్ సీగెల్ 23 రోజుల్లో తీశాడు. రబ్బరు రాక్షసుడు లేడు, పెద్ద పెద్ద కాయలు తప్ప. ఒక చిన్న ఊరి డాక్టర్ దగ్గరికి మనుషులు వచ్చి, మా మామయ్య మా మామయ్య కాడండీ అంటుంటారు. మొహం అదే, గొంతు అదే, జ్ఞాపకాలూ అవే. ఏదో ఒకటి పోయింది, అది ఏమిటో చెప్పలేరు. నిద్రపోతే మన వంతు వస్తుంది. ఇది కమ్యూనిస్టుల మీద కథ అని కొందరూ, కమ్యూనిస్టుల్ని వెతికి వేధించినవాళ్ల మీద కథ అని కొందరూ ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. నాకు రెండూ పట్టవు. రోజూ చూసే మనిషి ఒక ఉదయం కొత్తగా కనిపించడం, అంతే చాలు నాకు.

ఒక ఎడిటర్ సలహా: రోడ్డు మీద కార్ల మధ్య కెవిన్ మెకార్తీ మన వైపు తిరిగి అరిచే షాట్ రాగానే ఆపెయ్యండి. సీగెల్ అక్కడే ముగించాడు. జనం భయపడిపోతారని స్టూడియోవాళ్లు ముందొక ముక్క, వెనకొక ముక్క తగిలించి కాస్త ధైర్యం చెప్పించారు.

ప్రశ్న: అమ్మా, నాకు డెబ్బై రెండేళ్లు. ఒంటరిగా ఉంటాను. రాత్రిపూట ఇవే సినిమాలు పెట్టుకుని చూస్తాను. వింతేమిటంటే చూస్తూ చూస్తూ హాయిగా నిద్రపోతాను. మా అమ్మాయి ఫోన్‌లో తిడుతుంది, ఈ వయసులో దెయ్యాలూ భూతాలూ ఏమిటని. నాలో ఏమైనా తేడా ఉందంటారా?

జవాబు: తేడా ఉంటే నాకూ ఉంది. నేనూ అలాగే నిద్రపోతాను.

గంటా పది నిమిషాల్లో అయిపోతాయి ఇవి. తెల్ల కోటు వేసుకున్న ఒక ప్రొఫెసర్ ఉంటాడు, బోర్డు మీద ఏదో గీసి దాని గుట్టు చెప్తాడు. కరెంటో, మంటో, చలో, ఏదో ఒకటి దానికి పడదు. ‘ద బ్లాబ్’లో ఆఖరికి మంటలార్పే గ్యాసుతో గడ్డకట్టించి విమానంలో తీసుకెళ్లి ఉత్తర ధ్రువం దగ్గర దింపేస్తారు. తెర మీద ‘సమాప్తం’ అని పడి, అదే ఒక ప్రశ్నార్థకంగా మారుతుంది. చాలాసార్లు నేను ఆ ప్రశ్నార్థకం దాకా మెలకువగా ఉండను. సగంలో కళ్లు మూతపడినా ఎవరో ఒకరు దాని సంగతి చూసుకుంటారని తెలుసు. రోజంతా మన నెత్తిన ఉండే భయాల్లో దేనికి అలాంటి ప్రొఫెసర్ ఉన్నాడు చెప్పండి?

అమ్మాయి ఈసారి వచ్చినప్పుడు మాత్రం సినిమా పేరు ముందుగా చెప్పకండి. పక్కన కూర్చోబెట్టుకుని, దీపం ఆర్పేసి, ఆ రాకెట్ సినిమా పెట్టండి. మీరు ఎప్పటిలాగే నిద్రపోండి. పొద్దున లేచాక, రాత్రి తను ఏ అంతస్తు దాకా చూసిందో కనుక్కుని నాకో కార్డు ముక్క రాయండి.